కుళాయి నీళ్లకు వణికిన దెయ్యం!

మంచానికి కట్టేసిన పన్నెండేళ్ల పిల్ల. పక్కనే నల్ల అంగీలో ఒక ఫాదర్. చిన్న సీసా తీసి, ఇది పవిత్ర జలమని చెప్పి ఆమె మీద చిలకరిస్తాడు. అంతే... ఒళ్లు కాలినట్టు మెలికలు తిరిగిపోతుంది. ఇంకేముంది, దెయ్యమే అని మనం ఖాయం చేసుకుంటాం. ఆయన మాత్రం తర్వాత తల్లికి అసలు సంగతి చెబుతాడు. సీసాలో ఉన్నవి మామూలు కుళాయి నీళ్లు!

1973లో వచ్చిన 'ది ఎగ్జార్సిస్ట్' చూసినవాళ్లను అడగండి. గిర్రున తిరిగే తల, ఆకుపచ్చ వాంతి గురించే చెబుతారు. ఈ నీళ్ల సీసా చాలామందికి గుర్తుండదు. కానీ ఆ సినిమా గుట్టంతా అందులోనే ఉంది.

కథలో తల్లి సినిమా నటి. దేవుడి మీద నమ్మకం లేదు. కూతురు రీగన్ వింతగా ప్రవర్తిస్తుంటే ముందు డాక్టర్ల దగ్గరికే పరిగెడుతుంది. మెడలో సూది గుచ్చి చేసే పరీక్ష చూస్తుంటే దెయ్యం సీన్ల కన్నా ఎక్కువ భయమేస్తుంది. చివరికి ఫాదర్‌ని పిలిచి చూడమని సలహా ఇచ్చేదీ డాక్టర్లే. తీరా వెళ్తే ఆ ఫాదర్ కారాస్ మానసిక వైద్యుడు కూడా! ఆయనేమో ముందు వైద్యం అంటాడు. పైగా, తల్లి ఒంటరిగా చనిపోయిందన్న బాధలో ఆయన విశ్వాసమే సడలిపోయింది. నమ్మకం లేని తల్లి దెయ్యాన్ని వదిలించమని బతిమాలుతుంటే, నమ్మాల్సిన ఫాదర్ సందేహిస్తుంటాడు.

ఆ జాగ్రత్త రచయిత కల్పన కాదు. దెయ్యం పట్టిందని తొందరపడి నమ్మొద్దనే చెబుతుంది 1614 నాటి రోమన్ పూజావిధి గ్రంథం. నేర్చుకోని భాష మాట్లాడటం, దాగున్న సంగతులు చెప్పడం, వయసుకు మించిన బలం... ఇలాంటి గుర్తులు కనిపించాలి. బిషప్ అనుమతీ తప్పనిసరి. రచయిత విలియం పీటర్ బ్లాటీ జెస్యూట్ ఫాదర్లు నడిపే జార్జ్‌టౌన్ యూనివర్సిటీలో చదివారు. వాషింగ్టన్ దగ్గర పద్నాలుగేళ్ల అబ్బాయికి దెయ్యం వదిలించారన్న 1949 నాటి వార్త ఆయన మనసులో ఉండిపోయింది. అదే 1971లో నవలైంది. సినిమాకు స్క్రీన్‌ప్లే కూడా తనే రాసి ఆస్కార్ అందుకున్నారు.

దర్శకుడు విలియం ఫ్రీడ్‌కిన్ మొదట ఒక చిన్న సంభాషణ కోసేశారు. ఈ పసిపిల్లకే ఎందుకిలా అని కారాస్ అడుగుతాడు. మనుషులు తమను తాము అసహ్యించుకుని, దేవుడు తమను ప్రేమించలేడని నిరాశపడాలనే, అంటాడు పెద్ద ఫాదర్ మెరిన్. బ్లాటీకి ప్రాణమైన ఆ ముక్క 2000లో విడుదలైన కొత్త ప్రతిలో తిరిగొచ్చింది. ముగింపు కూడా దాని వెంటే నడుస్తుంది. ప్రార్థనల మధ్యలోనే మెరిన్ గుండె ఆగిపోతుంది. అప్పుడు కారాస్ దెయ్యాన్ని తనలోకి రమ్మని పిలిచి, కిటికీలోంచి దూకేస్తాడు. పిల్ల బతుకుతుంది. మంత్రం చేయలేని పని ప్రాణత్యాగం చేసిందన్నమాట. క్రైస్తవంలోని మూలకథ కూడా ఇదే కదా!

మన సినిమాల్లో భూతవైద్యుడికి సాధారణంగా ఇలాంటి సందేహాలుండవు. 'రాత్రి'(1992)లో ఓంపురి అయినా, 'మసూద'(2022)లో పీర్ బాబా అయినా, విద్య తెలిసినవాడు వస్తే దారి దొరుకుతుంది. 'చంద్రముఖి'(2005) మాత్రం కుళాయి నీళ్లకు దగ్గరి చుట్టం. అక్కడ డాక్టరూ మంత్రవేత్తా కలిసి, రోగి నమ్మకాన్నే మందుగా వాడతారు.

తెర బయట అన్నిసార్లూ అలా జరగదు. జర్మనీలో అన్నెలీజ్ మిషెల్ అనే కాలేజీ అమ్మాయికి మూర్ఛ వ్యాధి ఉందని డాక్టర్లు చెప్పారు. కుటుంబం దెయ్యమని నమ్మింది. బిషప్ అనుమతితోనే 1975 నుంచి 67 సార్లు క్రతువు జరిపారు. తిండి మానేసిన ఆ పిల్ల 1976 జులై 1న చనిపోయింది. వయసు 23. బరువు సుమారు 30 కిలోలు. నిర్లక్ష్యంతో చావుకు కారకులయ్యారంటూ 1978లో కోర్టు తల్లిదండ్రులకూ ఇద్దరు ఫాదర్లకూ 6 నెలల శిక్ష వేసి, అమలును నిలిపివేసింది.

ఈ విషాదం మీద సినిమాలూ వచ్చాయి. హాలీవుడ్ తీసిన 'ది ఎగ్జార్సిజం ఆఫ్ ఎమిలీ రోజ్'(2005) కోర్టు కథ. అందులో బోనెక్కేది ఫాదర్ ఒక్కడే. తల్లిదండ్రులు ముద్దాయిలు కారు. దెయ్యం మాత్రం బాగా కనబడుతుంది! మరుసటి ఏడాది జర్మన్లు తీసిన 'రెక్వియెమ్'లో మేకప్పుల్లేవు, గాల్లో తేలడాల్లేవు. మాత్రలు మింగుతూ పరీక్షలకు చదువుకునే అమ్మాయి, కూతురంటే ప్రాణమిచ్చే తండ్రి... అంతే. కెమెరా ఆమె చావుదాకా వెళ్లదు. కారులో కూర్చున్న అమ్మాయి ముఖం దగ్గరే ఆగిపోతుంది. తర్వాత ఏం జరిగిందో తెర మీద అక్షరాల్లో చదువుకోవాలి.