చూచి వ్రాసిన విద్య

నేడు కంప్యూటరు మన జేబులోనే ఉన్నది. దానికి ఆజ్ఞలిచ్చు విద్య మాత్రము కొందరికే కలదు.

1964లో అమెరికాలో కెమెనీ, కుర్ట్జ్ అను ఆచార్యులు సులభమైన బేసిక్ భాషను రూపొందించిరి. 1978లో డేవిడ్ ఆల్ సంకలనము ‘బేసిక్ కంప్యూటర్ గేమ్స్’ ఇంటి కంప్యూటర్లకు తగినట్లు వెలువడినది. అట్టి పుస్తకములలో అచ్చైన ప్రోగ్రామును పాఠకుడే టైపు చేయవలెను. పంక్తులకు 10, 20, 30 అని సంఖ్యలు. మరచినదానిని నడుమ 15గా చేర్చుటకే ఆ ఎడము. ఒక్క కామా తప్పినను ఆట నడువదు. ఆ తప్పును వెదకుటలోనే విద్య అబ్బెడిది.

మన దేశమున 1984లో ఆరంభమైన ‘క్లాస్’ పథకము పాఠశాలలకిచ్చిన బి.బి.సి. మైక్రోలలోను బేసిక్ భాషయే ఉండెను. అస్‌బోర్న్ సంస్థ తన 1980ల నాటి పుస్తకములను 2016లో ఉచితముగా అందించినది. కామారెడ్డిలోనైనను, ఎల్లారెడ్డిలోనైనను మనము ఒకదానిని తెరచి, పది పంక్తులు స్వహస్తముతో వ్రాసి చూతము.