చమురు సంక్షోభం – జాతీయ ఆర్థిక వ్యవస్థ

1990 ఆగస్టు 2న ఇరాక్ కువైట్‌ను ఆక్రమించింది. మూడు నెలలు గడవకముందే అంతర్జాతీయ విపణిలో ముడి చమురు ధర రెట్టింపు దాటింది. యుద్ధంతో సంబంధం లేని భారతదేశంపై కూడా ఆ భారం పడింది.

డీజిలు ధర పెరిగితే రవాణా వ్యయం పెరుగుతుంది. దానితోపాటు ధాన్యం, కూరగాయల ధరలూ పెరుగుతాయి. వేతనం పెరగని పేదవాడే ముందుగా నలిగిపోతాడు.

ఒకవైపు చమురుకు అధికంగా డాలర్లు చెల్లించవలసి వచ్చింది. మరొకవైపు కువైట్ నుండి లక్షకు పైగా భారతీయులు తిరిగి రావడంతో వారు పంపే సొమ్ము ఆగిపోయింది. అప్పటికే బలహీనంగా ఉన్న విదేశీ మారక నిల్వలు కరిగిపోయాయి. 1991 జూలైలో రిజర్వు బ్యాంకు సుమారు 47 టన్నుల బంగారాన్ని విదేశాలలో తాకట్టు పెట్టింది. అదే నెలలో పి.వి. నరసింహారావు ప్రభుత్వం రూపాయి విలువను తగ్గించి, ఆర్థిక సంస్కరణలకు పూనుకుంది.

ఇంధనానికి పరదేశాలపై ఆధారపడిన జాతికి పొదుపు, ప్రత్యామ్నాయ ఇంధనాలు, ముందుచూపుతో కూడిన నిల్వలే రక్షణ.