కొర్రమట్టకు గాలం

ఎండలు మొదలైతే నీళ్లు తగ్గుతాయి. గద్వాల దగ్గర జూరాలలో తగ్గుతాయి. వనపర్తి వైపు సరళాసాగర్‌లో, సోమశిల దగ్గర కృష్ణలో కూడా అంతే. అప్పుడు కొర్రమట్ట ఎక్కడ ఉంటుంది?

ఒడ్డు వెంట తుంగలో ఉంటుంది. చిన్న చేపలు, కప్పలు దానికి అక్కడే దొరుకుతాయి. కొర్రమట్ట పైకి వచ్చి నోటితో గాలి పీలుస్తుంది. బుడగ లేచిన చోటు చూసి పెట్టుకోవాలి.

ఇది కదిలే దాని మీదికే దూకుతుంది. ఎర వేసి ఊరకే కూర్చుంటే లాభం లేదు. పొడుగు వెదురు కర్రకు గట్టి దారం కట్టాలి. గాలానికి చిన్న చేపను గుచ్చాలి. తుంగ అంచున నీళ్లమీద ఒక మూర లాగాలి, ఆగాలి, మళ్లీ లాగాలి. పుట్టిలో పోతే ఒకరు తెడ్డు వేయాలి, ఒకరు దారం పట్టాలి. తెడ్డు చప్పుడు కావొద్దు. మనిషి నీడ నీళ్లమీద పడొద్దు. తెల్లవారుజామున, పొద్దుగూకే వేళ బాగా పడుతుంది.

ఎర అందుకోగానే గుంజొద్దు. మింగేదాకా ఆగాలి. చాలామంది ఇక్కడే తొందరపడి చేపను పోగొట్టుకుంటారు.

కుండలో కొంచెం నీళ్లు పోసి ఉంచితే ఇది చాలాసేపు బతుకుతుంది. బతికున్న కొర్రమట్టకు అంగట్లో ధర ఎక్కువ. 2016లో దీన్ని తెలంగాణ రాష్ట్ర చేపగా ప్రకటించారు.

వానలు పడ్డాక సంగతి వేరు. ఎర్రటి పిల్లలు గుంపుగా పైకి తేలుతాయి. కింద తల్లీతండ్రీ కాపలా ఉంటాయి. ఎర కనిపిస్తే పిల్లల మీదికి శత్రువు వచ్చిందని దూకుతాయి. తేలిగ్గా దొరికింది కదా అని పట్టుకుంటారు. కాపలా పోయిన పిల్లల్ని మిగతా చేపలు తినేస్తాయి.