ఒంటరి పరమాణువుకు ఆశ్రయం

అమెరికా రహదారులపై తిరిగే పెట్రోలు కార్లలో దాదాపు ప్రతిదానికీ అడుగుభాగాన, పొగగొట్టం మార్గంలో ఒక లోహపు డబ్బా ఉంటుంది. దాని పేరు కేటలిటిక్ కన్వర్టర్. 1970 నాటి స్వచ్ఛ వాయు చట్టం ఫలితంగా, 1975 మోడల్ కార్లతో ఇది విస్తృతంగా వాడుకలోకి వచ్చింది. ఇంజను విడిచే కార్బన్ మోనాక్సైడు అనే విషవాయువును ఇది కార్బన్ డయాక్సైడుగా మారుస్తుంది. ఈ డబ్బాలను దొంగలు రాత్రికి రాత్రి కోసుకుపోయిన వార్తలు ఇటీవలి సంవత్సరాలలో తరచుగా వినవచ్చాయి. వారి దృష్టి డబ్బాపై కాదు. లోపల కొద్ది గ్రాముల మేరకు ఉండే ప్లాటినం, పల్లేడియం, రోడియం లోహాలపై.

ఇంతటి విలువైన లోహంలో అధికభాగం ఏ పనీ చేయదంటే ఆశ్చర్యం కలుగక మానదు. ఉత్ప్రేరక చర్య జరిగేది ఉపరితలం మీదనే. 5 నానోమీటర్ల ప్లాటినం రేణువును తీసుకుంటే, వాయువులకు అందుబాటులో ఉండేవి సుమారు నాలుగోవంతు పరమాణువులు మాత్రమే. తక్కినవన్నీ లోపల బందీలు. ప్రతి పరమాణువునూ విడివిడిగా పరచగలిగితే ఒక్కటి కూడా వృథా కాదు.

అయితే లోహ పరమాణువులు ఏకాంతాన్ని సహించవు. తామరాకుపై నీటిబిందువులు దగ్గరకు జరిగి ఒక్కటైనట్లు, అవి కూడా తోటి పరమాణువులను వెదకుకొని ముద్దలవుతాయి. అలా కలిస్తే వాటి శక్తి తగ్గి స్థిరత్వం పెరుగుతుంది. వేడి ఈ ప్రయాణాన్ని వేగవంతం చేస్తుంది. కన్వర్టర్ ఏళ్ళు గడిచేకొద్దీ బలహీనపడటానికి ఇదొక ముఖ్య కారణం. ఆ నష్టాన్ని భర్తీ చేయడానికే తయారీలో అదనపు లోహం వేయవలసి వస్తుంది.

మరి ఒంటరి పరమాణువును పట్టి నిలిపేదేమిటి? దాని అడుగున ఉన్న ఆక్సైడే. ఆక్సైడు ఉపరితలంలోని ఆక్సిజన్లు లోహ పరమాణువుతో రసాయన బంధం ఏర్పరచుకొంటాయి. అప్పుడది కొన్ని ఎలక్ట్రానులను కోల్పోయి అయానుగా మారుతుంది. ఈ బంధం తోటి లోహంతో ఏర్పడగల బంధానికి దీటుగా ఉన్నప్పుడే పరమాణువు కదలక నిలుస్తుంది.

2003లో టఫ్ట్స్ విశ్వవిద్యాలయానికి చెందిన మారియా ఫ్లిట్జాని-స్టెఫనోపౌలోస్ బృందం, సీరియా అనే సీరియం ఆక్సైడుపై ఉన్న బంగారు, ప్లాటినం రేణువులను సయనైడు ద్రావణంతో కడిగివేసింది. అయినా ఉత్ప్రేరకశక్తి తగ్గలేదు! రేణువులు పోగా ఆక్సైడును అంటిపెట్టుకొని మిగిలిన లోహ అయానులే అసలు పని చేస్తున్నాయని తేలింది.

2016లో న్యూ మెక్సికో విశ్వవిద్యాలయానికి చెందిన అభయ దాత్యే, సహచరులు మరింత విచిత్రమైన ప్రయోగాన్ని ప్రకటించారు. అల్యూమినాపై ప్లాటినం రేణువులున్న పొడిని సీరియా పొడితో కలిపి, గాలిలో 800 డిగ్రీల సెల్సియస్ వరకు వేడిచేశారు. ప్లాటినం ఆక్సైడు రూపంలో ఆవిరై, సీరియా ఉపరితలంపైని మెట్లవంటి అంచులలో ఒక్కొక్క పరమాణువుగా చిక్కుకొంది. రేణువులను ముద్దలుగా మార్చే వేడియే ఇక్కడ పరమాణువులను విడదీసి గూటికి చేర్చింది.

కాని పట్టు మరీ గట్టిదైతే పరమాణువు చురుకుదనం కోల్పోతుంది. చిక్కుకొన్న ప్లాటినం మొదట తక్కువ ఉష్ణోగ్రతలలో మందకొడిగానే ఉండేది. 2017లో వాషింగ్టన్ స్టేట్ విశ్వవిద్యాలయపు యాంగ్ వాంగ్, దాత్యే తదితరులు దానిని 750 డిగ్రీల వద్ద నీటి ఆవిరితో శుద్ధిచేయగా, పక్కనున్న ఆక్సిజన్ చురుకై, 150 డిగ్రీల లోపే కార్బన్ మోనాక్సైడును దహించింది. కారు బయలుదేరిన తొలి నిమిషాలలో, కన్వర్టర్ ఇంకా వేడెక్కనప్పుడే అధిక కాలుష్యం వెలువడుతుంది గనుక ఇది విలువైన ఫలితం. అయితే ఆక్సిజన్ కొరవడిన వాయువులలో ఈ పరమాణువులు తిరిగి గుంపుకట్టగలవు. సమస్య పూర్తిగా తీరలేదు.

ఈ కథలో తెలుగునేలకూ చోటుంది. శ్రీకాకుళం, భీమునిపట్నం తీరాల ఇసుకలో దొరికే మోనజైట్ ఖనిజంలో సీరియం ఉంది. హైదరాబాదులోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థలో డాక్టర్ బెంజరం మహిపాల్ రెడ్డి సీరియా మిశ్రమ ఆక్సైడులపై విస్తృత పరిశోధనలు సాగించారు. ఆక్సిజన్ను అవసరానికి ఇచ్చి, తిరిగి పుచ్చుకొనే సీరియా గుణమే దాని విశిష్టత. అరుదైన లోహాన్ని పొదుపు చేయాలన్నా, నగరాల గాలి శుభ్రపడాలన్నా, లోహాన్ని గురించి ఎంత తెలియాలో దానికి ఆశ్రయమిచ్చే ఆక్సైడును గురించీ అంతే తెలియాలి.