ఒంటరి జవానుకు సంఘమే అండ
మాజీ సైనికుల సంఘాలు ఎందుకు పుట్టాయి? ఎవరి కోసం పనిచేయాలి?

ఆర్మూర్: ఇతర ప్రభుత్వోద్యోగులు అరవై ఏళ్ల దాకా కొలువులో కొనసాగుతారు. సైన్యంలో చేరిన జవాను మాత్రం సాధారణంగా 35 నుంచి 45 ఏళ్ల మధ్యనే పదవీ విరమణ చేస్తాడు. పిల్లల చదువులు, ఇంటి బాధ్యతలు మీద పడే వేళకు ఊరు చేరి, పసుపు, ఎర్రజొన్న సాగులోనో, మరో కొలువులోనో రెండో జీవితం ప్రారంభించాల్సి ఉంటుంది. పటాలంలో ఉన్నన్నాళ్లూ అతడి యోగక్షేమాలు చూసే యంత్రాంగం వెన్నంటి ఉంటుంది. ఇంటికి వచ్చాక పింఛను, వైద్యం, పిల్లల ఉపకార వేతనం ఒక్కొక్కటీ ఒక్కో కార్యాలయం గడప తొక్కితే గానీ తేలదు. ఈ లోటును పూరించేందుకు ఏర్పడినవే మాజీ సైనికుల సంఘాలు.

ప్రపంచ యుద్ధంతో శ్రీకారం

ఇటువంటి సంఘాలు బలపడటానికి మొదటి ప్రపంచ యుద్ధమే కారణం. 1914-18 మధ్య సుమారు 13 లక్షల మంది భారతీయులు ఆ యుద్ధంలో సేవలందించగా, 74 వేల మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. నాడు ఆర్మూర్ ప్రాంతం నిజాం ఏలుబడిలో ఉండేది. ఆ సంస్థానానికి చెందిన హైదరాబాద్ లాన్సర్లు సైతం పశ్చిమాసియా రణరంగంలో పాల్గొన్నారు. యుద్ధానంతరం లక్షలాది సైనికులు ఉపాధి లేక ఇళ్లకు చేరడంతో 1919లో అమెరికన్ లీజియన్, 1921లో బ్రిటిష్ లీజియన్ ఆవిర్భవించాయి. మన దేశంలో 1919లో భారత సైనికుల బోర్డు ఏర్పాటైంది. ప్రస్తుత కేంద్రీయ సైనిక్ బోర్డుకు మూలం అదే.

బోర్డు వేరు, సంఘం వేరు

చాలామంది ఈ రెండింటినీ ఒకటిగా భావిస్తారు. కేంద్రీయ సైనిక్ బోర్డు రక్షణ మంత్రి అధ్యక్షతన నడిచే ప్రభుత్వ సంస్థ. జిల్లాల్లో సైనిక సంక్షేమ కార్యాలయాలు ఉంటాయి. ఆర్మూర్ వాసులకు ఆ కార్యాలయం నిజామాబాద్‌లో ఉంది. గుర్తింపు కార్డులు, ఆర్థిక సాయం దరఖాస్తులు అక్కడే స్వీకరిస్తారు. సంఘం మాత్రం సైనికులు తమంతట తాము ఏర్పాటు చేసుకునేది. ఉన్న పథకాన్ని అమలు చేయడం బోర్డు విధి కాగా, లేని హక్కును అడగడం, అందని సాయాన్ని రాబట్టడం సంఘం బాధ్యత. ఈ ఉద్దేశంతోనే ఫీల్డ్ మార్షల్ కరియప్ప చొరవతో 1964లో ఇండియన్ ఎక్స్-సర్వీసెస్ లీగ్ రూపుదిద్దుకుంది.

నాలుగు దశాబ్దాల పోరు

సంఘటిత శక్తికి ప్రబల నిదర్శనం 'ఒకే ర్యాంకు-ఒకే పింఛను'. 1973లో మూడో వేతన సంఘం తర్వాత సైనికుల పింఛను సూత్రం మారింది. ఆపై ప్రతి వేతన సంఘం కొత్తగా విరమించేవారికి అధిక పింఛను తెచ్చిపెడుతుండగా పాతవారు వెనుకబడిపోయారు. ఒకే ర్యాంకులో, అంతే కాలం పనిచేసిన ఇద్దరు హవల్దార్ల పింఛన్లకు పొంతన లేకుండా పోయింది. మాజీ సైనికులు పతకాలను తిరిగి ఇచ్చి నిరసన తెలిపారు. 2011లో భగత్‌సింగ్ కోష్యారీ నేతృత్వంలోని రాజ్యసభ పిటిషన్ల కమిటీ వారి డిమాండును సమర్థించింది. 2015 జూన్ 15న ఢిల్లీ జంతర్ మంతర్ వద్ద దీక్ష ప్రారంభం కాగా, అదే ఏడాది నవంబరు 7న ఉత్తర్వులు వెలువడ్డాయి. 2014 జులై 1 నుంచి వర్తింపజేసి, అయిదేళ్లకోసారి పింఛన్లను సవరించాలని నిర్ణయించారు. ఏటా సవరించాలన్న కోరిక మాత్రం నెరవేరలేదు. కేంద్రం విధానాన్ని 2022 మార్చిలో సుప్రీంకోర్టు సమర్థించింది.

అసలు పరీక్ష ఇక్కడే

ఢిల్లీలో సాధించిన హక్కు పల్లె గడపకు చేరినప్పుడే దానికి సార్థకత. భర్త మరణించాక కుటుంబ పింఛను పొందాలంటే భార్య పేరు, పుట్టిన తేదీ సైనిక రికార్డుల్లోనూ, పింఛను చెల్లింపు ఉత్తర్వులోనూ, ఆధార్‌లోనూ ఒకేలా ఉండాలి. ఒక్క అక్షరం తేడా ఉన్నా నెలల తరబడి తిరగాల్సి రావచ్చు. మాజీ సైనికుడికి చివరి జీతంలో సగం పింఛనుగా వస్తే, సాధారణ కుటుంబ పింఛను 30 శాతమే. తొలి కొన్నేళ్లు హెచ్చు రేటు ఉన్నా, దాన్ని కోరాలన్న సంగతి తెలిసినవారు తక్కువ. ఇప్పుడు పింఛన్ల వ్యవహారం 'స్పర్శ్' ఆన్‌లైన్ విధానానికి మారింది. ఏటా జీవన ధ్రువీకరణ సమర్పించకపోతే పింఛను నిలిచిపోయే ప్రమాదం ఉంది. 2003 ఏప్రిల్‌లో మొదలైన మాజీ సైనికుల ఆరోగ్య పథకానికీ నమోదు, కార్డు తప్పనిసరి. చదువు రాని వృద్ధురాలికి ఇవన్నీ ఎవరు చెప్పాలి? సంఘం విలువ తేలేది ఈ ప్రశ్న వద్దే.

కలిసి అడగడం ఆర్మూర్ ప్రాంతానికి కొత్త కాదు. గ్రామాభివృద్ధి కమిటీల కట్టుబాటు ఇక్కడి పల్లెలకు సుపరిచితం. 2019 లోక్‌సభ ఎన్నికల్లో పసుపు, ఎర్రజొన్న రైతులు మూకుమ్మడిగా నామినేషన్లు వేయడంతో నిజామాబాద్ స్థానంలో 185 మంది బరిలో నిలిచారు. దేశమంతా రైతుల గోడు ఆలకించింది. 2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు నిజామాబాద్ కేంద్రంగా ప్రారంభమైంది.

సొసైటీల చట్టం కింద కనీసం ఏడుగురు సభ్యులతో జిల్లా రిజిస్ట్రార్ వద్ద సంఘాన్ని నమోదు చేసుకోవచ్చు. ఏటా డిసెంబరు 7న సాయుధ దళాల పతాక దినోత్సవం, జనవరి 14న మాజీ సైనికుల దినోత్సవం జరుపుకోవడంతో దాని పని ముగియదు. ఊరూరా మాజీ సైనికుల, వారి వితంతువుల జాబితా రూపొందించి, జీవించి ఉండగానే పత్రాల్లోని తప్పులు దిద్దించగలిగితే ఆ సంఘం పుట్టుక ధన్యమైనట్లే.