పాచి వేరు, గార వేరు

మా అమ్మగారికి తాంబూలమన్న మక్కువ. ఉదయము ఉమ్మిలో ఎరుపు కనిపించినపుడెల్ల అది రాత్రి వేసికొన్న ఆకువక్కల రంగేనని ఆమె తలచినది, నేనును తలచితిని. మధుమేహమునకు క్రమముగా మందులు వాడుచున్నను రక్తములో చక్కెర అదుపునకు రాలేదు. నోటి దుర్వాసన పోలేదు. వైద్యము వృత్తిగా గల నేను కరక్కాయ, లవంగము, సైంధవ లవణము కలిపిన పండ్లపొడి ఇచ్చి ఊరకుంటిని. రెండేండ్లు గడచినవి. ఒకనాడు మెత్తని ఇడ్లీ తినుచుండగా ముందరి పన్ను ఊడి ఆమె చేతికి వచ్చినది.

దంతవైద్యుడు ఆమె క్రింది పండ్ల వెనుకనుండి పసుపు, నలుపు కలిసిన గట్టి పెళ్ళను తీసి నాకు చూపెను. “మీ పొడి మంచిదేనండీ. కాని ఇది రాయి వంటిది, పొడికి పోదు” అనెను.

మానవుల నోళ్ళలో 700కు పైగా జాతుల సూక్ష్మజీవులు గుర్తింపబడినవి. వానిలో అధికభాగము నిరపాయకరములే. హాలెండు దేశస్థుడైన లీవెన్‌హుక్ తన పండ్ల సందుల పాచిని సూక్ష్మదర్శినితో పరిశీలించి, అందు కదలాడు జీవులను వర్ణించుచు 1683లో లండనులోని రాయల్ సొసైటీకి లేఖ వ్రాసెను. ఆయన ప్రతిదినము ఉప్పుతో పండ్లు తోముకొనువాడే సుమా!

పాచి మెత్తని జిగట పొర. అందలి స్ట్రెప్టోకాకస్ మ్యూటన్స్ అను జీవి మనము తిను చక్కెరను ఆమ్లముగా మార్చి పంటి పైపొరను కరిగించును; పిప్పిపన్ను ఇట్లు పుట్టును. తోమగా మిగిలిన పాచిలో లాలాజలమునందలి సున్నపు లవణములు చేరి గట్టిపడినచో అది గార. గరుకైన గారపై మరల పాచి పట్టును. చిగురు క్రింద, గాలి సోకని చోట, పోర్ఫిరోమోనాస్ జింజివాలిస్ వంటి జీవులు పెరుగును. చిగురు వాచి రక్తము కారును, క్రమముగా పంటిని పట్టియుంచు ఎముక క్షీణించును. నొప్పి తరచుగా ఉండదు. మోసమంతయు అందే యున్నది. మధుమేహము చిగుళ్ళ వ్యాధిని పెంచును, ఆ వ్యాధి తిరిగి చక్కెరను అదుపు తప్పించును. గుండె కవాటములు చెడినవారికి మరొక భయము గలదు: నోటి జీవులు రక్తములో చేరి ఆ కవాటములను ఆశ్రయింపవచ్చును.

సిగ్గుపడి సుశ్రుత సంహితను మరల తెరచితిని. గారను అందు దంతశర్కర యనిరి. పంటి మూలమునకు హాని కలుగకుండ దానిని తొలగించి, పిమ్మట లక్కచూర్ణమును తేనెతో రుద్దవలెనని చికిత్సాస్థానములో కలదు. దంతశంకువను పనిముట్టు కూడ శస్త్రముల వరుసలో చెప్పబడినది. నేను పిమ్మటి సగమును మాత్రమే చేసితిని!

పాచి దశలో ఇంటి వైద్యము చక్కగా ఉపకరించును. వేప లేక కానుగ పుల్లను కొననమిలి మెత్తని కుంచెవలె చేసి, చిగురునుండి పంటి కొనవైపు తోమవలెను. చరకుడు రెండు పూటలు తోమవలెననెను. మనము రాత్రిపూటను మరచితిమి. భోజనానంతరము నీటితో పుక్కిలింపవలెను. నువ్వులనూనె పుక్కిటబట్టువారు దానిని మ్రింగక ఉమ్మివేయవలెను. ఇటుకపొడి, ఇసుక పంటిని అరగదీయును, వలదు. రక్తము వారము దాటినను ఆగనిచో పొడులు మార్చుచు కూర్చుండక దంతవైద్యునికి చూపి గార తీయింపుడు.

అమ్మగారికి మొత్తము నాలుగు పండ్లు పోయినవి. గార తీయించిన మూడు మాసములకు చక్కెర కొంత దిగినది; మందులు మాత్రము మానలేదు. వక్క నోటి క్యాన్సరుకు కారణమగునని నచ్చజెప్పి మాన్పించుటకు నాకు మరి ఆరు మాసములు పట్టినది.