బడిలో వైశాఖి

పంజాబునందు గోధుమపైరు కోతకు వచ్చు దినములలో, ఏప్రిల్ 13వ తేదీని, కొన్ని యేండ్లలో 14వ తేదీని, వైశాఖి పండుగ జరుగును. ఆనాడు సెలవు గనుక బడిపిల్లల వేడుక సాధారణముగా ముందునాడే నడచును. మగపిల్లలు రంగురంగుల తలపాగాలు చుట్టి ఢోలు మ్రోతకు భాంగ్రా ఆడుదురు. ఆడపిల్లలు పుల్కారీ కుట్టుపని గల ఓణీలు ధరించి, వలయముగా నిలిచి, చప్పట్లు చరచుచు గిద్దా ఆడుదురు. మన బతుకమ్మను, గొబ్బిని ఎరిగిన కన్నులకు ఈ ఆట పరాయిదిగా తోపదు.

చూడ ముచ్చటయే. అయినను వేషములు, ఛాయాచిత్రములు ముగిసి యిల్లు చేరిన బిడ్డకు పండుగ దేనికి వచ్చినదో తెలియకున్న నేమి లాభము? పట్టణపు పిల్లలలో గోధుమవెన్నును చేతబట్టి చూడనివారు పెక్కురు. పంజాబులో నిప్పుడు కోత చాలవరకు యంత్రములదే. కొడవలియు కళ్లమును పల్లెపిల్లలకే కథలగుచున్నవి.

కావున ఉపాధ్యాయినులకును తల్లులకును మేము సూచించున దొకటి కలదు. ఆనాడు తరగతికి పండిన వెన్నులు కొన్ని తెప్పింపుడు. పిల్లలచేత అరచేతుల నడుమ నలిపించి, గింజలు రాల్పించి, చేటలో పోసి చెరుగనిండు. చిన్నచేతులకు చేట లొంగదు. సగము గింజలు నేల రాలును. రాలనిండు, ఏరుకొందురు. పిదప లెక్క వేయింపుడు. వెన్నుకు 40 గింజలనుకొందము. 1000 గింజలు ఇంచుమించు 40 గ్రాములు తూగును. ఒక రొట్టెకు 30 గ్రాముల పిండి యన్నచో 750 గింజలు, అనగా దాదాపు 19 వెన్నులు. అక్టోబరు, నవంబరు మాసములలో చల్లిన విత్తు చలికాలమంతయు పెరిగిననే గాని ఆ 19 వెన్నులు రావు. సగము రొట్టె విడిచి లేచు పిల్లవాడు ఈ లెక్క తానే చేసినచో మనము మందలింపవలసిన పని యుండదు.

మరియొక సంగతి. పొలముపనికై బీహారు, ఉత్తరప్రదేశముల నుండి వచ్చిన కూలీల బిడ్డలును పంజాబు బడులలో చదువుచున్నారు. క్రొత్త దుస్తులు కొనలేక ఆ బిడ్డలు వెనుకవరుసలో నిలువవలసిన పండుగ మాకు నచ్చదు. వెన్నులు నలుపుటకు వేషమక్కరలేదు. ఆ పనిలో వారే తక్కినవారికి గురువులు కావచ్చును.

1699వ సంవత్సరపు వైశాఖినాడు ఆనందపూరులో గురు గోవిందసింహుడు ఖాల్సాను నెలకొల్పెను. మొదట ముందుకు వచ్చిన యైదుగురు వేర్వేరు కులములవారు, వేర్వేరు సీమలవారు. అందొకరు మన తెలంగాణమునకు పొరుగుననున్న బీదరువారు. నాటి అమృతపాత్రలో చక్కెరబిళ్లలు కలిపినది గురుపత్ని యని సంప్రదాయకథ. ఈ కథ పసివారికిని చెప్పదగినది.

1919 ఏప్రిల్ 13వ తేదీని అమృతసరమున జలియన్‌వాలాబాగులో జరిగిన కాల్పుల సంగతి మాత్రము కొంత యెదిగిన పిల్లలకే చెప్పవలెను. వారికి దాచనే కూడదు. పండుగకని పల్లెలనుండి వచ్చినవారును, పిల్లలును ఆ తోటలో నుండిరి. ఎందుకు కాల్చిరని వారడుగుదురు. దానికి బడిలో నొక గంట చాలదు. ఆ సాయంకాలము తల్లియే చెంత కూర్చుండి, వారడిగినంతసేపు చెప్పుట మేలు.